కారు బ్రేకుల కీచుశబ్దము

ఈ దినము నేను ముచ్చటింపదలచిన విషయము కారు బ్రేకులలో పుట్టు కీచుశబ్దము. ఇది మెకానిక్కులకు చెప్పవలసిన మాట గాని గ్రామములలోని పెద్దలకు చెప్పవలసినదా అని కొందఱనుకొనవచ్చును. కాని నేడు అనేక గ్రామములలో, ఒకప్పుడు ఎద్దుబండి నిలిచిన చోట కారు నిలిచియున్నది. దానిని నడపువారు కుమారులో మనుమలో కావచ్చును. వారు అద్దములు మూసికొని, పాటలు పెట్టుకొని పోవుదురు. వాకిట అరుగుపై కూర్చుండి, కారు వచ్చునప్పుడును పోవునప్పుడును దాని చప్పుడు వినువారు పెద్దలే. కావున ఆ చప్పుడునకు అర్థమేమో ముందుగా మీకు తెలియుట మేలు.

చప్పుడును బట్టి యంత్రము యొక్క రోగమును కనిపెట్టుట మనకు క్రొత్త విద్య కాదు. ఎద్దుబండి కిఱ్ఱుమన్నచో ఇరుసు ఎండినదని పసిపిల్లవాడును చెప్పును. గడ్డి కాల్చిన మసిని ఆముదములో కలిపి కందెన చేసి, వెదురు గొట్టములో నింపి బండి క్రింద వ్రేలాడగట్టుకొని, చప్పుడు పుట్టినప్పుడు ఇరుసునకు పూయుట మన వాడుక. చప్పుడు అణగును, ఎద్దులకు శ్రమ తగ్గును. కిఱ్ఱుమన్నచోట నూనె వేయుట మన చేతులకు తరతరములుగా అలవడిన వైద్యము. ఈ వైద్యమునే కారు బ్రేకునకు చేసి, నేనొకప్పుడు ఎంతటి ప్రమాదమును కొనితెచ్చుకొంటినో మొదట చెప్పెదను.

మా ఇంటికి మొదట వచ్చిన కారు ఒకరు వాడి అమ్మినది. కొన్న కొన్ని నెలలకే బ్రేకు త్రొక్కినప్పుడెల్ల కుడివైపు ముందుచక్రమునుండి సన్నని కీచుశబ్దము రాసాగెను. మా తాతగారు జీవితమంతయు బండ్లు తోలినవారు. ఆయన ఆ శబ్దము విని, "ఒరే అబ్బాయీ, ఇరుసు ఎండినట్లుందిరా. కాస్త ఆముదం వెయ్యరాదూ?" అనిరి. నాకును అది సమంజసముగనే తోచెను. చక్రపు సందులలోనుండి చూడగా తళతళ మెఱయుచు ఇనుపబిళ్ల యొకటి కనబడెను. దానికి రెండువైపులను ఆముదము పోసితిని. వాకిలి దాటి కొంతదూరము పోవుసరికి చప్పుడు పూర్తిగా మాయమయ్యెను. తాతగారు ప్రక్కసీటులో కూర్చుండి, "చూశావా మరి!" అని మీసము దువ్వుకొనిరి.

మా ఊరి బాటకు కుడివైపున కాలువ, ఎడమవైపున కళ్లములు. తూము చెంత మలుపు తిరుగగానే గేదెల మందయు, దాని వెనుక నొక బాలుడును ఎదురైరి. బ్రేకు త్రొక్కితిని. ఎడమచక్రము పట్టెను గాని కుడిచక్రము పట్టలేదు. కారు నిలువక ఒక్కసారిగా ఎడమకు లాగి, బాట దిగి, కళ్లములోని గడ్డివామిలోనికి దూరి ఆగెను. ఆ బాలునికిని కారునకును నడుమ రెండుమూరలైన సందు లేదు. దైవకృప వలన ఎవరికిని దెబ్బ తగులలేదు. నేను ఆ నూనెను ఎడమచక్రమునకు పోసియున్నచో కారు కుడికి లాగి కాలువలో పడియుండెడిది.

తాతగారు చాలసేపు మాటాడలేదు. బట్టలకంటిన గడ్డిపోచలు దులుపుకొని, చివరకు, "బండిలో నూనె వేసేది తిరగవలసిన దానికిరా. ఇక్కడ మనం నిలపవలసిన దానికి పోశాం" అని మాత్రము అనిరి. బ్రేకులను గూర్చి తెలిసికొనవలసిన మొదటి మాట ఇదే.

బ్రేకు పనిచేయు విధమును స్వల్పముగా చెప్పెదను. సైకిలు బ్రేకు మీరందఱును ఎఱిగినదే. పిడి నొక్కగా రెండు రబ్బరు ముక్కలు చక్రపు అంచును రెండుప్రక్కలనుండి ఒత్తి పట్టును. నేటి కార్ల ముందుచక్రములకు సాధారణముగా నుండు బ్రేకును ఇట్టిదే. చక్రముతో కూడ తిరుగు పోతయినుప బిళ్లను డిస్కు అందురు. దానికి చెఱియొక ప్రక్కను ఒక్కొక్క ప్యాడు ఉండును. ప్యాడనగా ఉక్కుపలకకు అంటించిన గట్టి రాపిడి పదార్థము. ఈ రెండు ప్యాడులను ఇముడ్చుకొని, పట్టుకారువలె డిస్కును పట్టు భాగమునకు క్యాలిపరు అని పేరు. పెడలు త్రొక్కగా గొట్టములలోని బ్రేకు ఆయిలు క్యాలిపరులోని పిస్టనును నెట్టును. పిస్టను లోపలి ప్యాడును డిస్కునకు ఒత్తును. అంతట క్యాలిపరు తన రెండు పిన్నులపై ప్రక్కకు జరిగి వెలుపలి ప్యాడును కూడ లాగి ఒత్తును. చాల కార్లలోని ఏర్పాటు ఇదియే. ఈ పిన్నులు స్వేచ్ఛగా జరుగుట ముఖ్యమని గుర్తుంచుకొనుడు. వెనుకచక్రములకు అనేకమైన చిన్నకార్లలో డ్రమ్ము బ్రేకులుండును. అందు అర్ధచంద్రాకారముగల షూలు, తిరుగుచున్న డ్రమ్మును లోపలినుండి ఒత్తును.

బ్రేకు చేయు పని కారు వేగమును వేడిగా మార్చుటయే. 1000 కిలోగ్రాముల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా దానిని నిలిపితిమనుకొనుడు. అప్పుడు పుట్టు వేడి ఒక లీటరు నీటిని 30 డిగ్రీలనుండి 63 డిగ్రీలవఱకు కాచుటకు చాలును. వేగము రెండింతలైనచో వేడి నాలుగింతలగును. అదే కారు 700 మీటర్ల ఎత్తుగల కొండనుండి కేవలము బ్రేకుల ఆధారముననే దిగినచో, పుట్టు వేడి సుమారు 23 లీటర్ల నీటిని మఱగించును. ఇంతటి వేడియు అఱచేయి వెడల్పు కూడ లేని ప్యాడుల నడుమ పుట్టునని తలచినచో, ఆ చిన్న ముక్కలపై ఎంత భారము మోపుచున్నామో తెలియును.

ఇక కీచుశబ్దము పుట్టుటకు కారణము. రెండు గట్టివస్తువులు ఒత్తిడితో రాచుకొనునప్పుడు ఒకదానిపై నొకటి నున్నగా జాఱవు. క్షణకాలము పట్టి, వదలి, మఱల పట్టుచుండును. నల్లబల్లపై సుద్దముక్కను నిలువుగా పట్టి గీచినప్పుడు ఒళ్లు జలదరించు శబ్దము పుట్టుట మీరు బడిలో విన్నదే. బ్రేకులో ఈ పట్టు విడుపులు ఒక్క సెకనునకు వేలకొలదిగా జరిగి ప్యాడును, డిస్కును, క్యాలిపరును కంపింపజేయును. ఆ కంపనమే మనకు కీచుమని వినవచ్చును.

ఈ చిక్కు డిస్కు బ్రేకుతో కూడ పుట్టినది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు 1902లో డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. ఆయన వాడినది రాగి ప్యాడులు. లోహముపై లోహము రాచుకొని అవి భరింపరాని కూత కూసెను. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ అను నాతడు ఆ ప్యాడులకు ఆస్బెస్టాస్ పొరను చేర్చి ఆ కూతను అణచెను. ఈ ఫ్రూడ్ 1897లో తన పనిని ప్రారంభించినది గుఱ్ఱపుబండ్ల బ్రేకులతోనే. కొండదారులలో బండ్లవారు పాతజోళ్లను బ్రేకుదిమ్మెలకు తొడిగి చక్రమునకు ఒత్తుట చూచి, అంతకంటె మంచి పదార్థము చేయవలెనను తలంపు ఆయనకు కలిగెనని చెప్పుదురు. ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులలో చేరి క్యాన్సరు మొదలగు వ్యాధులు కలిగించునని తరువాత తేలినది. నేడు అనేక దేశములు దానిని నిషేధించినవి. పాత ప్యాడులలో ఏమున్నదో చూచి చెప్పలేము గనుక, బ్రేకు ధూళిని నోటితో ఊదరాదనుట అన్ని కార్లకును నియమము.

రోగి చేయి పట్టుటకు ముందే వైద్యుడు "ఎప్పటినుండి? ఏ వేళను? ఏ ప్రక్కను?" అని అడుగును. కారు విషయమునను మొదట చేయవలసినది ఆ విచారణయే. పానా చేతికి తీసికొనుటకు ముందు రెండుమూడు దినములు శ్రద్ధగా వినుడు.

ఉదయమున మొదటి రెండుమూడు పర్యాయములు బ్రేకు త్రొక్కినప్పుడు మాత్రమే గరగరయో కీచో వినబడి, ఊరు దాటునప్పటికి పోయినచో భయములేదు. డిస్కు పోతయినుము గనుక రాత్రి మంచునకో వానకో దానిపై పలుచని త్రుప్పు పట్టును. కారు కడిగిన మఱునాడును ఇట్లే యుండును. ప్యాడులు రాచుకొనగానే ఆ త్రుప్పు తుడిచిపెట్టుకొనిపోవును. దీనికి ఏమియు చేయనక్కఱలేదు.

బ్రేకు త్రొక్కకున్నను చక్రము తిరుగుచున్నంతసేపు చప్పుడు వచ్చుచు, అది కంకరబాటలో పోయివచ్చిన తరువాతనే మొదలైనచో, డిస్కునకును దాని వెనుకనుండు పలుచని రేకునకును నడుమ గులకఱాయి చిక్కియుండవచ్చును. కారును కొన్ని అడుగులు వెనుకకును ముందునకును నడిపినచో అది ఒక్కొక్కప్పుడు తానే రాలిపోవును. లేనిచో చక్రము విప్పి తీయవలెను.

వాన లేదు, మంచు లేదు, వేళాపాళా లేదు; సన్నని కీచుశబ్దము దినదినము వినబడుచునే యున్నది. అట్లయినచో ప్యాడు అఱిగి చివరకు వచ్చినదేమో చూడవలెను. అనేకమైన ప్యాడులకు ఒక చిన్న ఉక్కునాలుక అమర్చియుందురు. రాపిడి పదార్థము 2, 3 మిల్లీమీటర్లకు తగ్గగానే ఆ నాలుక డిస్కును తాకి కీచుమనును. ఇది లోపము కాదు. తయారుచేసినవారు బుద్ధిపూర్వకముగా పెట్టిన హెచ్చరిక. మా కారు కుడిచక్రము నెలలుగా చెప్పుచుండినది ఈ మాటయే. గడ్డివామినుండి కారును లాగించి మెకానిక్కునకు చూపినప్పుడు ఆ నాలుక అఱిగి మెఱయుచుండుట నా కన్నులతో చూచితిని. "నా పని అయిపోయినది, మార్పుము" అని ప్యాడు మొఱపెట్టుచుండగా నేను దాని నోట ఆముదము పోసితిని.

ఈ హెచ్చరికను లెక్కచేయనిచో కీచుశబ్దము పోయి, ఇనుము ఇనుమును కోయుచున్నట్టి గరగర శబ్దము వచ్చును. పదార్థమంతయు అఱిగిపోయి, ఉక్కుపలకయే డిస్కును కోయుచున్నదని దాని అర్థము. అప్పుడు కారును ఎచ్చటికిని నడుపరాదు. మెకానిక్కును ఇంటికి పిలువవలెను. సకాలమున ప్యాడులు మార్చినచో అంతటితో పోవు ఖర్చునకు డిస్కుల ఖర్చును తోడగును. అంతకంటె ముఖ్యముగా, బ్రేకు పట్టునన్న నమ్మకము ఉండదు.

కొండదారి దిగివచ్చిన తరువాత కీచుశబ్దము మొదలైనచో ప్యాడులు అతిగా కాగి వాని ముఖము గాజువలె నునుపెక్కి యుండును. అట్టి ప్యాడు సరిగా పట్టదు. దీనికి నివారణము దిగునప్పుడే కలదు. ఘాటు ఎక్కుటకు ఏ గేరు కావలసివచ్చునో దిగుటకును సుమారుగా ఆ గేరే వేసి, ఇంజను చేతనే వేగమును అణచుచు, బ్రేకును అవసరమైనప్పుడు గట్టిగా త్రొక్కి వదలుచుండవలెను. కొండ పొడుగునను బ్రేకుమీద కాలు ఆనించి దిగుట ప్యాడులను పొయ్యిలో పెట్టుటయే.

ఒక ప్రక్కనుండి మాత్రమే చప్పుడు వచ్చుచు, ఆ చక్రము చెంత మాడువాసన వేయుచు, కారు ఆ ప్రక్కకే లాగుచున్నచో, క్యాలిపరు పిన్నులో పిస్టనో బిగిసికొనిపోయి ప్యాడు విడువక పట్టియున్నదన్నమాట. దూరము పోయివచ్చిన పిమ్మట చక్రములయొద్ద చేయి ఆనింపక దవ్వుగా పెట్టి వేడిని పోల్చిచూడుడు. ఒకటి మాత్రము సెగలు గ్రక్కుచున్నచో సంశయమక్కఱలేదు. కాగిన డిస్కుపై నీళ్లు మాత్రము చల్లకుడు. వంకర పోవచ్చును, పగులవచ్చును.

ఇటీవల క్రొత్తప్యాడులు వేయించిన తరువాతనే శబ్దము పుట్టినచో, ప్యాడు వెనుక నుండవలసిన పలుచని రేకును వేయక విడిచియుండవచ్చును. గ్రీజు పెట్టవలసినచోట పెట్టకయుండవచ్చును. లేక ప్యాడులే నాసిరకమువి కావచ్చును. వెనుకచక్రములనుండి వచ్చు కీచునకు డ్రమ్ములో నిండిన ధూళి తఱచుగా కారణమగుచుండును. డ్రమ్మును విప్పి మఱల కూర్చుటలో స్ప్రింగుల చిక్కున్నది గనుక దానిని తెలిసినవారికే విడుచుట మంచిది.

ఇంతవఱకు విని కనుగొనుట. ఇక కన్నులతో చూచుట. నిదానము గలవారు ముందుచక్రపు బ్రేకును ఇంటియొద్దనే పరీక్షింపవచ్చును, శుభ్రము చేయవచ్చును. పని ముందునుండి వెనుకకు వరుసగా చెప్పెదను.

కారు చల్లాఱిన తరువాత గట్టినేలపై, ఎగుడుదిగుడు లేనిచోట నిలుపుడు. హాండుబ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనుకచక్రములకు ముందువెనుకల ఱాళ్లు అడ్డము పెట్టుడు. చక్రపు నట్టులను కారు నేలపై నున్నప్పుడే ఒక్కమెలిక వదులు చేసి, పిదప జాకీ ఎత్తుడు. జాకీ పెట్టవలసిన చోటు కారుతో ఇచ్చిన పుస్తకములో గుర్తు చూపియుండును. ఎత్తిన కారును జాకీమీదనే నమ్మి విడువరాదు. ఇనుప స్టాండు పెట్టవలెను. ఇటుకలు పెట్టరాదు, అవి చెప్పకయే పగులును. ఎట్టి స్థితిలోను కారు క్రిందికి దూరరాదు. ఈ పనికి దూరవలసిన అవసరమే లేదు.

చక్రము తీసి ప్రక్కన పెట్టి, టార్చిలైటు వేసి క్యాలిపరు సందులలోనుండి ప్యాడుల మందము చూడుడు. ఉక్కుపలకను విడిచి, రాపిడి పదార్థమును మాత్రమే లెక్కింపవలెను. క్రొత్తది సుమారు 10 మిల్లీమీటర్లుండును. 3 మిల్లీమీటర్లకు, అనగా ఇంచుమించు రెండు రూపాయిబిళ్లలు ఒకదానిపై నొకటి పెట్టినంత మందమునకు, వచ్చినచో మార్చుటకు సమయము వచ్చినట్లే. లోపలి ప్యాడును కూడ తప్పక చూడుడు. వెలుపలిది బాగుగనే యుండి లోపలిది అఱిగిపోవుట కలదు. అట్లున్నచో పిన్ను బిగిసియున్నదని గ్రహింపుడు. తరువాత చల్లగా నున్న డిస్కుపై గోటితో గీచిచూడుడు. గోరు చిక్కుకొనునట్టి లోతైన చాళ్లుగాని, పగుళ్లుగాని యున్నచో డిస్కును మెకానిక్కునకు చూపవలెను. డిస్కు ఎంత పలుచనైనదాకా వాడవచ్చునో దాని అంచుననే తఱచుగా అచ్చొత్తి యుండును.

ప్యాడులు మందముగనే యుండి శబ్దము చేయుచున్నచో వానిని తీసి శుభ్రము చేయవచ్చును. ఒకమాఱు ఒక ప్రక్కనే విప్పుడు. రెండవ ప్రక్క విప్పకయుండినచో, ఏది ఎట్లుండెనో చూచుకొనుటకు మాదిరి మిగులును. క్రింది పిన్ను బోల్టు విప్పి క్యాలిపరును పైకెత్తినచో చాల కార్లలో ప్యాడులు వెలికి వచ్చును. పూర్తిగా ఊడదీయవలసివచ్చినచో క్యాలిపరును రబ్బరు గొట్టముమీద వ్రేలాడనీయక తీగతో పైకి కట్టుడు. విప్పియుండగా ఎవరును పెడలు త్రొక్కరాదని ఇంటివారికి ముందే చెప్పుడు. త్రొక్కినచో పిస్టను బయటికి వచ్చిపడును.

ధూళిని తడిగుడ్డతోనో, బ్రేకులు కడుగుటకై అమ్ము ద్రవముతోనో తుడువవలెను. ముక్కునకు మాస్కు కట్టుకొనుట మంచిది. ప్యాడు ముఖము గాజువలె నునుపుగా నున్నచో, గరుకైన ఉప్పుకాగితమును చదునైన బల్లపై పఱచి, దానిపై ప్యాడును నాలుగైదు మాఱులు రుద్ది, ఆ మెఱుగు పోగొట్టుడు. పిన్నులను బయటికి లాగి తుడిచి, అవి నిరాటంకముగా జరుగునట్లు చేయుడు.

ఇచ్చట గ్రీజు మాట వచ్చును. మా తాతగారి మాటను బట్టి చూచినచో దాని స్థానమును తేలికగా తెలిసికొనవచ్చును. జరుగవలసినదానికి గ్రీజు; పట్టవలసినదానికి ఏమియు లేదు. పిన్నులు జరుగవలెను గనుక వానికి గ్రీజు కావలెను. ప్యాడుల ఉక్కుపలక చెవులు గాడిలో జరుగవలెను గనుక వానికి పలుచగా పూయవచ్చును. పలక వెనుక, పిస్టను తాకుచోట, పలుచని పూత కంపనమును అణచును. ప్యాడు ముఖమునకును, డిస్కునకును చుక్కయైన తగులరాదు. ఆ గ్రీజు కూడ వేడికి ఓర్చునట్టి, బ్రేకులకై ప్రత్యేకముగా అమ్మునదై యుండవలెను. మామూలు గ్రీజు వేడికి కఱగి కాఱును, రబ్బరును ఉబ్బించును. పొరపాటున ప్యాడు నూనెను పీల్చినచో, ఎంత తుడిచినను, కాల్చినను అది పనికిరాదు. పాఱవేసి క్రొత్తది వేయవలెను. మా కారునకును అట్లే చేయవలసివచ్చెను.

క్రొత్తప్యాడులు వేయునప్పుడు రెండు ముందుచక్రములకును కలిపి వేయవలెను. ఒకప్రక్క క్రొత్తది, ఒకప్రక్క పాతది యున్నచో కారు ఒకవైపునకు లాగును. క్రొత్తది మందము గనుక పిస్టనును నెమ్మదిగా లోనికి నెట్టవలెను. అప్పుడు ఇంజను చెంతనున్న డబ్బాలో బ్రేకు ఆయిలు మట్టము పెరిగి పొరలవచ్చును; అది కారు రంగును తినివేయును గనుక పడినచో వెంటనే నీళ్లతో కడుగుడు. పేరునకు ఆయిలేగాని అది మనమనుకొను నూనె కాదు. ఆ డబ్బాలో ఇంజను ఆయిలుగాని, మఱియే నూనెగాని పోసినచో లోపలి రబ్బరులు ఉబ్బి బ్రేకులే పనిచేయకుండ పోవచ్చును. డబ్బా మూతపై డాట్ 3 అనియో డాట్ 4 అనియో వ్రాసియున్నదే పోయవలెను. ఈ రకములు గాలిలోని తేమను పీల్చును గనుక రెండేండ్లకొకమాఱు మార్చుట చాల కార్లకు చెప్పు నియమము.

అన్నియు బిగించిన తరువాత, కారు కదలించుటకు ముందే, పెడలు గట్టిపడువఱకు పలుమాఱులు త్రొక్కుడు. దీనిని మఱచిన వానికి మొదటిసారి బ్రేకు అందదు. పిస్టను వెనుకకు పోయియుండుటయే కారణము. కారును నేలకు దించి చక్రపు నట్టులను ఒకదాని కెదురుగా నున్న మఱొకటి చొప్పున బిగించి, జనసంచారము లేని బాటలో మెల్లగా నడిపి పరీక్షింపుడు. క్రొత్తప్యాడులైనచో గంటకు 50 కిలోమీటర్ల వేగమునుండి 10కి నెమ్మదిగా తగ్గించుట ఎనిమిది పది మాఱులు, నడుమ నడుమ చల్లాఱనిచ్చుచు చేయుడు. ప్యాడు ముఖము డిస్కుతో ఇమిడికొనును. శబ్దము చాలవఱకు పుట్టదు.

కొన్ని సందర్భములలో ఇంటివైద్యము పనికిరాదు. పెడలు మెత్తగా లోనికి దిగిపోవుచున్నను, చక్రమువెంబడి ద్రవము కాఱుచున్నను, డబ్బాలో మట్టము తగ్గుచున్నను, ఎదుట పలకపై బ్రేకు దీపము వెలుగుచున్నను, కారును కదలింపక తెలిసినవానిని పిలిపింపుడు. అందు అభిమానపడవలసినది లేదు.

తుదకొక మాట. ఆ దినమున మా తాతగారి సలహా చెడ్డ సలహా కాదు. అది బండికి చెప్పవలసిన సలహా. ఆయన చెవి సరిగనే విన్నది. రోగమున్నదని ఆ చెవి చెప్పినది నిజము. మేము చేసిన తప్పు, కారణమును వెదకక చప్పుడును మాత్రము పోగొట్టుట. ఇంటిలో కారు నడపు యువకులకు ఆ చెవి తఱచుగా ఉండదు. కావున మీ వాకిట కారు నిలుచునప్పుడు కీచుమన్నచో, "చక్రము విప్పి ప్యాడు చూచితివా?" అని ఒక్కమాట అడుగుడు. చూచునంతవఱకు ఆ బండిలో పిల్లలను దూరప్రయాణమునకు పంపకుడు. గేదెల వెనుక నడచు ఏ బాలుడో ఆ మాట వలన క్షేమముగా ఇల్లు చేరవచ్చును.